తొలి నెలసరికి ముందే తెలియాల్సిన సంగతులు

ఆడపిల్లకు మొదటిసారి నెలసరి రావడాన్ని గోదావరి జిల్లాల్లో పెద్దమనిషి కావడం, సమర్తాడడం అంటారు. వైద్యశాస్త్రంలో దాని పేరు ‘మెనార్కీ’. మన దేశంలో ఇది సగటున పదమూడేళ్లు దాటాక వస్తుంది. తొమ్మిదేళ్లకు వచ్చినా, పదిహేనేళ్లలోపు ఎప్పుడు వచ్చినా సహజమే. 2016లో ‘బీఎంజే ఓపెన్’ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, భారతదేశంలో జరిగిన 138 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. అందులో దాదాపు 97 వేల మంది బాలికల వివరాలున్నాయి. మొదటి నెలసరి రాకముందే దాని గురించి తెలిసినవాళ్లు సుమారు 48 శాతమని తేలింది. మిగతావాళ్లు రక్తం చూశాకే తెలుసుకున్నారు. అలాంటి పిల్ల దెబ్బ తగిలిందనుకోవచ్చు, పెద్ద జబ్బు చేసిందనుకోవచ్చు, తనవల్ల ఏదో తప్పు జరిగిందని ఎవరికీ చెప్పకుండా దాచుకోవచ్చు.

ఈ భయానికి అసలు చోటే ఉండకూడదు. ఎందుకంటే నెలసరి చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. రెండేళ్ల ముందు నుంచే శరీరం వరసగా సూచనలిస్తూ ఉంటుంది. పిల్లకు చెప్పాల్సింది చెప్పడానికి దొరికే గడువు అదే. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ కొల్లేరు సరస్సు లంకల్లోనూ పెద్దమనిషి అయితే వేడుక చేసే ఆచారం ఉంది, బడిలో ప్యాడ్లు ఇచ్చే పథకం వచ్చింది, పాఠ్యపుస్తకంలో పాఠం ఉంది. కానీ వేడుక ఎప్పుడూ నెలసరి వచ్చిన తర్వాతే. ప్యాడ్లు, పాఠం కూడా కాస్త ముందుగా ఎదిగిన పిల్లలకు ఆలస్యంగానే అందుతాయి. ఆరోగ్య విద్య పూడ్చాల్సింది ఈ వెలితినే.

శరీరం ఇచ్చే సూచనలు

మొదటి సూచన రొమ్ముల దగ్గర కనిపిస్తుంది. మొన కింద చిన్న గట్టి ముద్ద చేతికి తగులుతుంది. ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది. ముందు ఒక వైపే రావడం మామూలే. చాలామంది తల్లులు దీన్ని గడ్డ అనుకుని కంగారుపడతారు. సాధారణంగా ఎనిమిది, పదమూడేళ్ల మధ్య ఎప్పుడైనా ఇది మొదలవుతుంది. ఇది కనిపించిన రెండు, రెండున్నరేళ్లకు నెలసరి వస్తుంది. అంటే క్యాలెండరులో ఈ నెలని గుర్తుపెట్టుకున్న తల్లికి, రాబోయే దాని గురించి సుమారైన అంచనా దొరికినట్టే.

ఆ తర్వాత జననాంగాల దగ్గర, చంకల్లో వెంట్రుకలు మొలుస్తాయి. చెమట వాసన మారుతుంది, ముఖం జిడ్డుదేలుతుంది, మొటిమలు వస్తాయి. ఎత్తు గబగబా పెరుగుతుంది. బడి తెరిచేటప్పుడు కుట్టించిన యూనిఫాం సంక్రాంతికే పొట్టి అవుతుంది. ఈ ఎదుగుదల జోరు తగ్గుముఖం పట్టినప్పుడే నెలసరి వస్తుంది. వచ్చాక కూడా ఆడపిల్ల సగటున మరో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతుంది. పెద్దమనిషి అయితే ఎదుగుదల అక్కడితో ఆగిపోతుందనే మాట సరికాదు.

చివరి సూచన తెల్లబట్ట. నెలసరికి ఆరు నెలల నుంచి ఏడాది ముందు లోదుస్తుల మీద పలచగా, తెల్లగా లేదా లేత పసుపుగా స్రావం కనిపిస్తుంది. వాసన, దురద, మంట లేకపోతే అది జబ్బు కాదు. ఈస్ట్రోజెన్ ప్రభావంతో గర్భాశయ ముఖద్వారం, యోని పనిచేయడం మొదలుపెట్టాయనడానికి అది గుర్తు. ఇది కనిపించాక చెప్పాల్సిన మాట ఏదైనా మిగిలి ఉంటే ఇక వాయిదా వేయకూడదు.

లోపల జరిగేది

ఈ మార్పుల్లో చాలావాటికి మొదలు మెదడులోనే ఉంది. మెదడు అడుగుభాగంలోని హైపోథలామస్ బాల్యమంతా దాదాపు మౌనంగా ఉంటుంది. శరీరంలో తగినంత కొవ్వు నిల్వ చేరిందని ‘లెప్టిన్’ అనే హార్మోను తెలియజేయడం, ‘కిస్‌పెప్టిన్’ను స్రవించే నాడీకణాలు చురుకెక్కడం వంటి కారణాలతో అది మేలుకుంటుంది. అప్పుడు ‘జీఎన్ఆర్‌హెచ్’ అనే హార్మోనును విడతలు విడతలుగా, మొదట రాత్రి నిద్రలో ఎక్కువగా విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో పీయూష గ్రంథి ‘ఎఫ్ఎస్‌హెచ్’, ‘ఎల్‌హెచ్’ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఇవి అండాశయాలను చేరితే అక్కడ ఈస్ట్రోజెన్ తయారవుతుంది. రొమ్ములు పెరగడం, తుంటి వెడల్పు కావడం, గర్భాశయం ఎదగడం అంతా ఈస్ట్రోజెన్ పనే.

ఆడశిశువు పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల అండకణాలుంటాయి. యౌవనం వచ్చేసరికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. వాటిలో నెలకు సాధారణంగా ఒకటే పక్వమై బయటికి వస్తుంది. బిడ్డ నిలిస్తే పోషణ అందించడానికి గర్భాశయం లోపలి పొర మందంగా, రక్తనాళాలతో నిండి తయారవుతుంది. గర్భం రాకపోతే హార్మోన్లు తగ్గి ఆ పొర ఊడి బయటికి వస్తుంది. అదే నెలసరి. ఆ స్రావంలో రక్తంతోపాటు ఆ పొర తునకలు, కణజాల ద్రవం, శ్లేష్మం కూడా ఉంటాయి. అది ఒంట్లో ఉన్న చెడురక్తం కాదు. రక్తనాళాల్లో పారే రక్తమే అందులోనూ ఉంటుంది. మొత్తం నెలసరిలో పోయేది సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. బట్ట మీద పరుచుకోవడంతో చాలా ఎక్కువ పోయినట్టు కనిపిస్తుంది. పాఠం చెప్పేటప్పుడు రెండు చెంచాల ఎర్రరంగు నీళ్లు ప్యాడ్ మీద పోసి చూపిస్తే పిల్లల భయం చాలావరకు తగ్గుతుంది.

మొదటి ఏడాది, రెండేళ్లలో చాలా నెలసరులు అండం విడుదల కాకుండానే వస్తాయి. మెదడుకు, అండాశయాలకు మధ్య సమన్వయం కుదరడానికి అంత సమయం పడుతుంది. అందువల్లే తొలిరోజుల్లో తేదీలు అటూ ఇటూ అవుతాయి. ఒకసారి వచ్చి రెండు నెలలు రాకపోవడం కూడా ఉంటుంది.

మొదటి నెలసరి వయసు తరతరానికీ కొంచెం ముందుకు జరుగుతోంది. 19వ శతాబ్దపు ఐరోపాలో అది పదహారు, పదిహేడేళ్లు. 20వ శతాబ్దం మధ్యకు పదమూడుకు దిగింది. భారతదేశంలో ఈ మార్పు చాలా నెమ్మది. 1955–64 నాటి తరంలో సుమారు 13.8 ఏళ్లుగా ఉన్నది 1985–89 మధ్య పుట్టినవారిలో సుమారు 13.6 ఏళ్లకు వచ్చిందని ఒక జాతీయ సర్వే ఆధారంగా పరిశోధకులు లెక్కగట్టారు. మెరుగైన తిండి, తగ్గిన అంటువ్యాధులు దీనికి ప్రధాన కారణాలు. ‘నాకు పద్నాలుగేళ్లకు వచ్చింది, దీనికింకా పదే కదా’ అని తల్లి ధీమాగా ఉండడానికి వీల్లేదు.

సమర్త వేడుక

కోస్తా జిల్లాల్లో పిల్ల పెద్దమనిషి అయితే కబురు ముందు మేనమామకు, మేనత్తకు వెళుతుంది. పిల్లను ఒక పక్కన కొత్త చాప మీదో తాటాకు చాప మీదో కూర్చోబెడతారు. ముత్తయిదువులు పసుపు, కుంకుమ పెడతారు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి తినిపిస్తారు. ఆ పూట నక్షత్రమేమిటో, ఒంటి మీద ఏ రంగు బట్ట ఉందో అడిగి పంచాంగం చూస్తారు. బేసి రోజు చూసి చివరి స్నానం చేయిస్తారు. స్తోమత ఉన్నవాళ్లు తర్వాత బంధుమిత్రులను పిలిచి ఫంక్షన్ చేస్తారు. ఇప్పుడు దానికి ఫ్లెక్సీలు కూడా కడుతున్నారు. ఊళ్లో మగవాళ్లతో సహా అందరికీ సంగతి తెలిసిపోతుంది. తన ఒంట్లో జరిగిందేమిటో మాత్రం ఆ పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పరు.

ఈ ఆచారంలో ఆరోగ్యానికి పనికొచ్చేవీ ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి. పిల్లకు విశ్రాంతి ఇవ్వడం, చుట్టూ ఆడవాళ్లు చేరడం, నువ్వులు, బెల్లం, మినప సున్నుండలు పెట్టడం మేలు చేసేవే. అదే సమయంలో రోజుల తరబడి బడి మాన్పించడం, విడిగా కూర్చోబెట్టి మైల పేరుతో ముట్టుకోకపోవడం, తలస్నానం వద్దనడం, కొన్ని ఇళ్లలో గుడ్డు, చేప, పెరుగు పెట్టకపోవడం శాస్త్రానికి నిలవవు. నెలసరిలో ఉన్న మనిషి ముట్టుకుంటే పచ్చడి బూజు పట్టదు. తడి గరిటె పెడితే పడుతుంది. నక్షత్రానికీ దీనికీ సంబంధం లేదు. ఆ రోజును నిర్ణయించింది హార్మోన్ల స్థాయి. స్నానం ఏ రోజైనా చేయవచ్చు, రోజూ చేయాలి.

వేడుకకు ఇంకో పార్శ్వం కూడా ఉంది. పిల్ల పెళ్లికి సిద్ధమైందని ఊరికి చెప్పడం దాని పాత అర్థం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతం. నెలసరి మొదలైనంత మాత్రాన శరీరం కాన్పుకు సిద్ధమైనట్టు కాదు. కటి ఎముకల ఎదుగుదల ఆ తర్వాత మరికొన్నేళ్లు సాగుతుంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయి పెళ్లి వయసు 18. ఈ మాట కూడా పిల్లకు ముందే తెలిసి ఉండాలి. సాయం కావలసి వస్తే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయవచ్చని కూడా తెలియాలి.

బడిలో, ఆరోగ్యశాఖలో ఏది ఎప్పుడు

గ్రామీణ బాలికల కోసం కేంద్రం 2011లో నెలసరి పరిశుభ్రత పథకాన్ని ప్రారంభించింది. ఆశా కార్యకర్తల ద్వారా ఆరు ప్యాడ్ల ప్యాకెట్ ఆరు రూపాయలకు ఇచ్చేవారు. 2014 జనవరి 7న పది నుంచి పందొమ్మిదేళ్ల వారి కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. 2018 జులైలో ప్యాడ్లపై జీఎస్టీ తీసేశారు. 2019 ఆగస్టు నుంచి జన్ ఔషధి దుకాణాల్లో ‘సువిధ’ ప్యాడ్ రూపాయికి ఇవ్వసాగారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరు 5న ‘స్వేచ్ఛ’ పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు ప్రభుత్వ విద్యాసంస్థల బాలికలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇచ్చే పథకం తెచ్చింది. పది లక్షలకు పైగా బాలికలు దీని పరిధిలోకి వచ్చారు. ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయినికి ఈ బాధ్యత అప్పగించారు.

‘స్వేచ్ఛ’ రాకముందే కొంత మార్పు కనిపించింది. 2019–21 సర్వే నాటికి రాష్ట్రంలో 15–24 ఏళ్ల అమ్మాయిల్లో 85 శాతం మంది ప్యాడ్ల వంటి పరిశుభ్రమైన పద్ధతులు వాడుతున్నారు. వస్తువు అందింది. విషయం అందే వయసే ఇంకా వెనకబడి ఉంది. ఏడో తరగతి పిల్లకు పన్నెండేళ్లుంటాయి. పది, పదకొండేళ్లకే పెద్దమనిషి అయిన అయిదో తరగతి, ఆరో తరగతి పిల్ల ఈ లెక్కలోకి రాదు. కౌమార దశ గురించిన పాఠం ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకాల్లో చాలాకాలం ఎనిమిదో తరగతిలో ఉండేది. దాన్ని చదివేసరికి తరగతిలో ఎందరికో నెలసరి వచ్చేసి ఉంటుంది. 2025లో వచ్చిన కొత్త పుస్తకంలో ఆ సంస్థ దాన్ని ఏడో తరగతికి తెచ్చింది. యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాలు ఈ విషయాన్ని తొమ్మిది–పన్నెండేళ్ల వయసులోనే బోధించాలంటున్నాయి.

మే 28ని ప్రపంచమంతా నెలసరి పరిశుభ్రత దినంగా 2014 నుంచి పాటిస్తోంది. మన రాష్ట్రంలో అది నడి వేసవి సెలవుల్లో పడుతుంది. ఆ రోజున బడిలో కార్యక్రమం పెట్టుకోవడం కుదరదు. పిల్లలకు చెప్పడానికి అనువైనది జూన్‌లో బడి తెరిచిన మొదటి నెల. పైతరగతి, కొన్నిచోట్ల కొత్త బడి, కొత్త స్నేహితులు, కొత్త మరుగుదొడ్డి అన్నీ అప్పుడే మొదలవుతాయి.

ఏ వయసులో ఎంత చెప్పాలి

ఎనిమిది, తొమ్మిదేళ్లకు శరీర భాగాల పేర్లు సిగ్గు లేకుండా చెప్పగలగాలి. మూత్రద్వారం, యోని, మలద్వారం వేర్వేరని తెలియాలి. రక్తం మూత్రంలోంచి వస్తుందనుకునే పిల్లలు చాలామంది ఉంటారు. తన ఒంటిని ఎవరు తాకవచ్చు, ఎవరు తాకకూడదు, ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలి అన్నది కూడా ఈ వయసు పాఠమే.

తొమ్మిది, పదేళ్లకు, అంటే నాలుగు, అయిదు తరగతుల్లో, నెలసరి గురించి సూటిగా చెప్పవచ్చు. ‘నీకు ఇంకొన్నాళ్లలో, ఒకరోజు లోదుస్తుల మీద ఎర్రగానో గోధుమరంగులోనో మరక కనిపిస్తుంది తల్లీ. అది దెబ్బా కాదు, జబ్బూ కాదు. నాకూ వచ్చింది, అమ్మమ్మకూ వచ్చింది. కనిపించగానే నాతో చెప్పు. బడిలో అయితే టీచర్‌గారితో చెప్పు’ అని చెబితే ఆ వయసుకు చాలు. మొదటి మరక చాలామందిలో ఎర్రగా ఉండదు, గోధుమరంగు చుక్కలా ఉంటుంది. ఈ చిన్న సంగతి చెప్పకపోతే ఎర్రటి రక్తం కోసం చూసే పిల్ల ఆ మరకను పోల్చుకోలేదు.

పది, పదకొండేళ్లకు ప్యాడ్‌ను చేతికిచ్చి, లోదుస్తుకు అతికించడం, తీయడం, చుట్టడం చేయించాలి. చూసినదానికన్నా చేసినది గుర్తుంటుంది. బడిసంచిలో ఒక చిన్న గుడ్డసంచి పెట్టాలి. అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత వార్తాపత్రిక కాగితం ఉంటే చాలు. హాస్టల్లో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్చేటప్పుడు ఈ సంచి పెట్టెలో పెట్టి పంపాలి, ఎవరిని అడగాలో పేరుతో సహా చెప్పాలి.

పన్నెండేళ్ల నుంచి గర్భధారణకు, నెలసరికి ఉన్న సంబంధం, తేదీలు రాసుకోవడం, నొప్పికి ఏం చేయాలి వంటివి చెప్పవచ్చు. దృష్టిలోపం ఉన్న పిల్లలకు ప్యాడ్ అతుకు వైపును వేళ్లతో గుర్తుపట్టడం నేర్పాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఒకే పనిని ఒకే వరసలో, బొమ్మల సాయంతో, నెలల తరబడి అలవాటు చేయించాలి. వీళ్ల శిక్షణ మిగతావాళ్లకన్నా ముందు మొదలవ్వాలి.

ఎవరు చెప్పాలి

మొదట చెప్పిన ‘బీఎంజే ఓపెన్’ సమీక్షలో పిల్లలకు ఈ విషయం ఎక్కువగా తెలిసింది తల్లుల ద్వారానే. ఆ తల్లుల్లో చాలామందికి చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. కాబట్టి తల్లుల కోసం ముందు ఒక పూట కేటాయించాలి. డ్వాక్రా సంఘ సమావేశాలు, అంగన్‌వాడీ కేంద్రాలు దీనికి బాగా పనికొస్తాయి. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లకు తెల్లవారకముందే పనికి వెళ్లే తల్లులుంటారు. వాళ్లు వచ్చేసరికి పిల్ల బడికి వెళ్లిపోయి ఉంటుంది, లేదా నిద్రపోతుంటుంది. అలాంటి ఇళ్లలో ఆ బాధ్యత నాయనమ్మ, అక్క, మేనత్త, ఆశా కార్యకర్త ఎవరో ఒకరు ముందే తీసుకోవాలి.

బడిలో చెప్పేటప్పుడు ఉపన్యాసం కన్నా ప్రశ్నల పెట్టె మేలు. పిల్లలు పేరు రాయకుండా చీటీ వేస్తే, మరుసటి వారం ఏఎన్‌ఎం లేదా సైన్స్ టీచర్ వాటికి జవాబు చెప్పవచ్చు. అందరి ముందు అడగలేని ప్రశ్నలు అలా బయటికి వస్తాయి. మగపిల్లలకు కూడా ఇదే పాఠం ఉండాలి. వాళ్లను బయటికి పంపి తలుపు వేసి చెబితే అది దాచాల్సిన విషయమన్న సందేశమే ఇద్దరికీ అందుతుంది. తరగతిలో మరకను చూసి నవ్వే పిల్లాడికి చాలావరకు అదేమిటో తెలియకపోవడమే కారణం. తండ్రి దుకాణంలో ప్యాడ్లు కొని తెచ్చి మామూలు సరుకుల్లో పెడితే ఇంట్లో సగం బిడియం పోతుంది.

కొల్లేటి పల్లెల్లో నీటి పాఠం

నెలసరి పరిశుభ్రతకు మూడే కావాలి: మార్చుకోవడానికి చాటు, కడుక్కోవడానికి నీళ్లు, వాడినదాన్ని పారేయడానికి చోటు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటి ఊళ్లలో ఈ మూడూ మిగతాచోట్ల కన్నా కష్టం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేరు సరస్సులోకి వస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వానకాలంలో లంకల దారుల మీదికి నీళ్లొస్తాయి. వేసవిలో నీరు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. డెల్టా కాలువలు కట్టేసే వేసవి వారాల్లో ఊరి మంచినీటి చెరువు అడుగంటుతుంది. నీళ్లు చుట్టూ ఉన్నా, ఒంటికి వాడుకోదగిన శుభ్రమైన నీళ్లు కొలతతో వాడుకోవాల్సి ఉంటుంది.

అందుకే ఇక్కడి పిల్లలకు చెప్పాల్సిన మొదటి నియమం: జననాంగాలను కడగడానికి చేపల చెరువు నీళ్లు, కాలువ నీళ్లు వాడకూడదు. మేతలు, ఎరువులు, మందులు కలిసిన చెరువు నీటితో చర్మానికి దురద, పుండ్లు రావచ్చు. మంచినీరు ఒక చెంబుడు చాలు. బయటి భాగాన్ని ముందు నుంచి వెనక్కి కడగాలి. అలా అయితే మలద్వారం దగ్గరి క్రిములు ముందుకు రావు. యోని లోపల సబ్బు, సెంటు, డెట్టాల్ వంటివి వాడకూడదు. అక్కడ ఉండే మేలు చేసే బ్యాక్టీరియా ఆమ్లతను కాపాడుతూ ఇన్‌ఫెక్షన్లను ఆపుతుంది. సబ్బు దాన్ని చెడగొడుతుంది.

ప్యాడ్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి, నిండితే అంతకు ముందే మార్చాలి. బడిలో మరుగుదొడ్డి బాగోలేదని పొద్దున పెట్టుకున్న ప్యాడ్‌తో సాయంత్రం దాకా ఉండడం, నీళ్లు తాగకుండా మూత్రం బిగపట్టడం రెండూ చెడ్డ అలవాట్లే. చర్మం ఒరుసుకుపోవడానికి, మూత్రంలో మంటకు అవి కారణమవుతాయి. బట్ట వాడితే తప్పేమీ లేదు. నూలుది కావాలి, సబ్బుతో ఉతకాలి, ఎండలో ఆరేయాలి. సిగ్గుతో చీర కిందో, మంచం వెనకో చీకట్లో ఆరేస్తే తేమ పోదు, క్రిములు చావవు. కొల్లేటి పల్లెల్లో వాన రోజుల్లో ఎండ రాక బట్ట ఆరదు. ఆ నెలల కోసం ప్యాడ్లు ముందే తెచ్చి పెట్టుకోవాలి. వరద హెచ్చరిక వచ్చినప్పుడు కట్టుకునే మూటలో బియ్యం, మందులతోపాటు ఇవీ ఉండాలి.

పారేయడం మరో చిక్కు. ప్యాడ్‌లో ఎక్కువ భాగం ప్లాస్టిక్. వందల ఏళ్లకు గానీ చివకదు. కాలువలో పడేస్తే చివరికి చేరేది కొల్లేటికే. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఈ సరస్సులో పెలికాన్ల నుంచి చిన్నచేప వరకు ఆ నీటి మీదే బతుకుతాయి. మరుగుదొడ్డిలో వేస్తే గొట్టాలు పూడిపోతాయి. మెట్టలో లోతుగా గొయ్యి తీసి పూడ్చమని చెప్పే సలహా లంకల్లో చెల్లదు. నాలుగడుగులు తవ్వితే నీరూరే నేల అది. కాగితంలో చుట్టి, గుర్తు తెలిసేలా విడిగా పారిశుద్ధ్య కార్మికులకు ఇవ్వాలి. బడిలో దహన యంత్రం ఉంటే అందులో వేయాలి. ఉతికి వాడే నూలు ప్యాడ్లు చెత్తను బాగా తగ్గిస్తాయి, కానీ నీళ్లు, ఎండ ఉన్న చోటే అవి సురక్షితం.

తిండి, రక్తహీనత

నెలనెలా పోయే రక్తంతోపాటు ఇనుము కూడా పోతుంది. ఒళ్లు ఎదిగే వయసులో దాని అవసరం అసలే ఎక్కువ. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 60 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పన్నెండేళ్లు దాటిన బాలికకు హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12 గ్రాములకు తగ్గకూడదు. తగ్గితే ఆయాసం, తలతిప్పు, చదువు మీద ధ్యాస నిలవకపోవడం, మట్టి, బియ్యం, బలపం తినాలనిపించడం కనిపిస్తాయి. అందువల్ల ఇనుము నిల్వలు కూడా నెలసరికి ముందే పెంచుకోవాలి.

చేపలు పుష్కలంగా దొరికే ప్రాంతంలో నెలసరి పేరుతో వాటిని మాన్పించడం అర్థం లేని పని. చేప, మాంసం, కాలేయంలోని ఇనుము ఒంటికి త్వరగా పడుతుంది. తోటకూర, మునగాకు, రాగులు, నువ్వులు, శనగల్లోని ఇనుము పట్టడానికి తోడుగా నిమ్మరసం, ఉసిరి, జామ వంటివి కావాలి. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు వృథా అవుతుంది. బడిలో ఇచ్చే కోడిగుడ్డు, చిక్కీ, రాగిజావ వదలకూడదు. ఆరో తరగతి నుంచి వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. మలం నల్లగా రావడం ఆ మాత్రవల్లే, భయపడనక్కర్లేదు. కొంకిపురుగులు పేగుల్లో రక్తం పీలుస్తాయి కాబట్టి ఆరు నెలలకొకసారి నులిపురుగుల మాత్ర వేసుకోవాలి.

మొదటి రోజు, మొదటి ఏడాది

మరక కనిపించిన రోజు పిల్లకు కావలసింది శుభ్రమైన ప్యాడ్, గోరువెచ్చని స్నానం, మామూలు భోజనం, ఇంట్లో ఎప్పటిలాగే మసలే స్వేచ్ఛ. ఒంట్లో బాగుంటే మర్నాడు బడికి వెళ్లవచ్చు, ఆడుకోవచ్చు, సైకిలు తొక్కవచ్చు. పొత్తికడుపు నొప్పి గర్భాశయ పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్‌ల వల్ల వస్తుంది. అవి కండరాన్ని బిగుసుకునేలా చేస్తాయి. వేడినీళ్ల కాపడం, నడక, కొద్దిపాటి వ్యాయామం చాలామందికి సరిపోతాయి. చాలకపోతే డాక్టరు చెప్పిన మాత్ర మొదటి రోజే వేసుకుంటే బాగా పనిచేస్తుంది.

క్యాలెండరులో మొదలైన రోజు, ముగిసిన రోజు గుర్తు పెట్టడం అప్పటినుంచే అలవాటు చేయాలి. తొలి రెండు మూడేళ్లలో ఒక నెలసరి మొదటి రోజు నుంచి మరో నెలసరి మొదటి రోజుకు సాధారణంగా 21 నుంచి 45 రోజుల ఎడం ఉంటుంది. స్రావం రెండు నుంచి ఏడు రోజులుంటుంది. రోజుకు మూడు నుంచి ఆరు ప్యాడ్లు పట్టడం మామూలే.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయకూడదు. ఎనిమిదేళ్లు నిండకముందే రొమ్ములు పెరగడం, పదమూడేళ్లకూ ఆ సూచన లేకపోవడం, పదిహేనేళ్లు వచ్చినా లేదా రొమ్ములు పెరగడం మొదలై మూడేళ్లయినా నెలసరి రాకపోవడం మొదటి రకం. ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, మొదటి నెలసరే ధారగా రావడం రెండో రకం. వీటి వెనక రక్తం గడ్డకట్టని లోపం ఉండవచ్చు. ఒకసారి వచ్చాక మూడు నెలలు దాటినా రాకపోవడం, బడికి వెళ్లలేనంత నొప్పి, వాసనతో కూడిన తెల్లబట్ట, జ్వరం కూడా చూపించుకోవాల్సినవే. రక్తం అసలు కనిపించకుండా నెలనెలా పొత్తికడుపు నొప్పి మాత్రం వస్తుంటే, లోపల స్రావం బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఉండవచ్చు. చాలా సందర్భాల్లో అది చిన్న శస్త్రచికిత్సతో నయమవుతుంది. ఊళ్లో ఏఎన్‌ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదటి మెట్టు. అక్కడి నుంచి తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రికో, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రికో పంపుతారు. డాక్టరు మొదట అడిగేది తేదీలే. క్యాలెండరులో రాసుకున్న గుర్తులు అక్కడ పరీక్షల ఖర్చును, సమయాన్ని రెండింటినీ తగ్గిస్తాయి.